రతన్‌పూర్ రాయి, ఖంభాత్ సాన

గుజరాత్‌లోని అంక్లేశ్వర్ చమురు బావుల దగ్గర పని చేసిన ఏ జియాలజిస్టుకైనా భూమి పొరల పట్టిక నోటికి వచ్చి తీరాలి. కింది నుంచి పైకి అంక్లేశ్వర్, దధర్, తారకేశ్వర్, బాబాగురు, కాండ్, ఝగడియా... ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఎక్కాల్లా వల్లె వేశాను. నూనె దొరికేది అంక్లేశ్వర్ పొరలో. పైనున్నవాటిని బిట్టు త్వరగా దాటిపోతే చాలు మాకు. బాబాగురు ఎవరో ఆరా తీసే తీరిక షిఫ్టు డ్యూటీల్లో ఎవరికుంటుంది? మా జీపు డ్రైవరుకు మాత్రం తెలుసు. ఒక సెలవు రోజున రతన్‌పూర్ గుట్ట ఎక్కించి, పైనున్న దర్గా చూపించి, "మీ రిపోర్టుల్లో రాసుకునే బాబా ఈయనే సాహెబ్" అన్నాడు.

ఆయన బాబా గోర్. ఆఫ్రికా నుంచి, అబిసీనియా వైపు నుంచి, వచ్చినవాడని ఐతిహ్యం. తమ్ముడు బాబా హబష్, చెల్లెలు మాయి మిశ్రా. ముగ్గురికీ ఆ గుట్ట మీదే మందిరాలు. ఆఫ్రికా సంతతివారైన గుజరాత్ సిద్దీలకు ఆయన కులగురువు లాంటివాడు. ఉర్సుకు వాళ్లు డోళ్లు కొడుతూ ధమాల్ ఆడతారు. హైదరాబాద్‌లో పెరిగినవాళ్లకు సిద్దీలు కొత్త కాదు. నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నివాసం వల్లే అక్కడి పేటకు ఏసీ గార్డ్స్ అని పేరొచ్చింది. ఆ మనుషుల మర్ఫా వాయిద్యం పాతబస్తీ పెళ్లి ఊరేగింపుల్లో ఇప్పటికీ మోగుతుంది. రతన్‌పూర్ బాబాకు ఇంకో గౌరవం కూడా ఉంది. అకీకు రాళ్ల పనికి ఆయనే మూలపురుషుడని రాళ్లు తవ్వేవాళ్లూ, సానపట్టేవాళ్లూ నమ్ముతారు. అలా ఒక ఫకీరు పేరు గుట్టకూ, గుట్ట నుంచి భూగర్భ శాస్త్రంలో ఒక పొరకూ ఎక్కింది. ఇలాంటి పేరు నా సర్వీసులో మరొకటి తగల్లేదు.

ఆ పొరలో ఉన్నది గులకరాళ్ల గచ్చు. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్ మీద లావా పొర్లినప్పుడు, చల్లారే రాతిలో గాలి బుడగలు చిక్కుకుపోయాయి. తర్వాత నీళ్లతో పాటు ఇంకిన సిలికా ఆ బొరియల్లో వలయాలు వలయాలుగా పేరుకుని అకీకు అయింది. మన చెకుముకి రాయికి దగ్గరి చుట్టం. నల్లరాయి కాలక్రమాన చివికి రేగడి మన్ను అయిపోయింది. అకీకు చివికే రకం కాదు. దొర్లుకుంటూ పోయి, పల్లంలో గులకలతో కలిసి గడ్డకట్టింది. రతన్‌పూర్ దగ్గర తవ్వేవాళ్లు బావిలా గుంత దించి, అడుగున పక్కలకు తొలుచుకుంటూ పోయి ఆ గులకల్లో ఏరేవారు. రాజమండ్రికి బదిలీ అయ్యాక చూస్తే గోదావరి కంకరలోనూ ఇవే రాళ్లు. కాతేరు, పంగిడి దగ్గర పైకి తేలిన నల్లరాయి కూడా ఆ దక్కన్ లావాదే. కాబట్టి రాయి ఒక్క గుజరాత్ సొత్తు కాదు. దాన్ని పూసగా మార్చే ఊరు ఖంభాత్, తేడా అల్లా అక్కడే.

ఖంభాత్ వెళ్లిన ప్రతివాడికీ దుకాణదారు చెప్పే మాట ఒకటుంది: హరప్పా కాలం నుంచి ఈ పని ఇలాగే జరుగుతోంది, 4,500 ఏళ్లుగా మారలేదు అని. చాలా వ్యాసాల్లోనూ ఇదే రాస్తారు. నాకు ఈ మాట ఒప్పుదల కాదు. బోరు బావిలోంచి తీసిన రాతి ముక్కలు వరసగా పేర్చి ఒక్కోదానికి వయసు కట్టడం నా వృత్తి. ఖంభాత్ పనిని కూడా అలాగే చూస్తే, ఒక్కో దశది ఒక్కో వయసు.

అన్నింటికన్నా పాతది కాల్చడం. గనిలోంచి వచ్చిన రాయి మురికి పసుపుగా, ఊదాగా ఉంటుంది. ముందు నెలల తరబడి ఎండలో పరిచి, అన్ని వైపులా ఎండ తగిలేలా మధ్యమధ్య తిరగేస్తారు. తర్వాత మట్టికుండల్లో పెట్టి పిడకల నిప్పులో రాత్రంతా మగ్గనిస్తారు. రాతిలో పసుపు ఇచ్చేది నీరు పట్టిన ఇనుము. వేడికి ఆ నీరు పోతే మిగిలేది ఎరుపు. పచ్చి ఇటుక బట్టీలో ఎర్రబడేదీ ఈ కారణంగానే. తొందరపడి మంట పెంచితే లోపలి తేమ ఆవిరై రాయి పగిలిపోతుంది, అందుకే అంత ఎండబెట్టడం. ఖంభాత్‌కు దగ్గరలోనే ఉన్న లోథల్‌లో పూసల కర్మాగారంతో పాటు కొలిమి కూడా తవ్వకాల్లో బయటపడింది. ఈ ఒక్క దశ మట్టుకు దుకాణదారు మాట నిజమే.

ఆ తర్వాత చెక్కడం. నేను ఎక్కువసేపు కూర్చుని చూసింది ఇదే. ఏటవాలుగా నేలలో పాతిన ఇనప ములుకు ముందు పనివాడు ఒక కాలు చాపుకుని కూర్చుంటాడు. ఎడమ చేత్తో రాయిని ములుకు మొనకు ఆనిస్తాడు. కుడి చేతిలో సుత్తి ఉంటుంది గానీ అది ఇనపది కాదు. సన్నటి బద్దకు గుచ్చిన గేదె కొమ్ము ముక్క. దానితో రాయి మీద మెల్లగా తడతాడు. దెబ్బ పడేది ఇటు, పెచ్చు లేచేది అటు, ములుకు తగిలిన చోట. కొమ్ము మెత్తన కనక రాయి చిట్లదు. టక్కు టక్కుమని నాలుగు తట్లు, కొంచెం తిప్పడం, మళ్లీ తట్లు. నేను చూస్తుండగానే కోడిగుడ్డంత గులక నాలుగు పలకల కడ్డీ అయింది. చేతిలో ఏముందో చూసుకోనైనా లేదు, పక్కవాడితో క్రికెట్ మాట్లాడుతున్నాడు. మా ల్యాబులో డైమండ్ రంపంతో రాయి కోయడానికి నానా తంటాలు పడ్డవాణ్ని నేను. నా మొహం చూసి ఆయన నవ్వాడు.

హరప్పా వాళ్లకు ఇనుము తెలియదు. కాబట్టి ఈ ములుకు వాళ్లది కాదు. పద్ధతి వాళ్లదైనా మొన రాగిదో కొమ్ముదో అయి ఉండాలి.

బెజ్జంలో వచ్చిన మార్పు ఇంకా పెద్దది. 1935-36లో సింధులోని చన్హుదారోను ఎర్నెస్ట్ మెకే తవ్వినప్పుడు సగం చేసి వదిలేసిన పూసలు, రాతి బరమా మొనలు దొరికాయి. ఆ మొనలు మామూలు రాయివి కావు. ప్రత్యేకమైన రాతిని కాల్చి గట్టిపరచి చేసినవి. వాటిని పరిశీలించిన పురావస్తువేత్తలు కెనోయర్, విదాలే ఆ రాతికి మెకే పేరు మీదే ఎర్నెస్టైట్ అని పేరు పెట్టారు. దానితో తొలిచి చూస్తే గంటకు రెండున్నర మిల్లీమీటర్లు దిగిందట. ఆరు సెంటీమీటర్ల పూసకు బెజ్జం వేయాలంటే బరమా 24 గంటలు తిరగాలి, అదీ పూస మధ్యలో పగలకపోతే. మెసొపొటేమియాలో ఊర్ రాజసమాధుల్లో ఈ పొడుగు ఎర్ర పూసలు ఎందుకు దొరికాయో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. అంత చాకిరీ రాజులే కొనగలరు.

ఇప్పటి ఖంభాత్ బరమా మొనకు రెండు బుల్లి వజ్రపు నలుసులు పొదిగి ఉంటాయి. పైన కొబ్బరి చిప్పతో అదిమిపట్టి, విల్లుతో తిప్పుతారు. నీటి చుక్కలు పడుతూ ఉంటాయి. చిన్న పూసకు బెజ్జం నిమిషాల్లో పడుతుంది. ఈ వజ్రపు మొన హరప్పా నగరాలు శిథిలమైన వెయ్యేళ్లకు పైగా గడిచాక వచ్చింది. 18వ శతాబ్దంలో బ్రెజిల్ గనులు తెరుచుకునే దాకా లోకానికి వజ్రాలు చాలామటుకు మన దేశం నుంచే పోయాయి, వాటిలో మన కృష్ణ ఒడ్డు కొల్లూరు, పరిటాలవి మేటివి. రత్నాల కోసం వెదికేవాళ్లు పారేసే నలుసు, పూసలవాడికి మహా పనిముట్టు. వజ్రమంటే కోహినూరు కథ చెప్పుకోవడమే మనకు అలవాటు. నా మటుకు ఈ నలుసే గొప్ప.

వ్యాపారం సంగతి క్లుప్తంగా చెప్తాను, అది అందరూ రాసినదే. క్రీస్తు శకం మొదటి శతాబ్దపు గ్రీకు నావికుడి పుస్తకం, పెరిప్లస్, భరుకచ్ఛం రేవుకు పైఠన్ నుంచి బళ్ల మీద గోమేదపు రకం రాళ్లు వచ్చేవంటుంది. పైఠన్ అంటే మన గోదావరి ఒడ్డే, శాతవాహనుల ప్రతిష్ఠానం. ఆ శాతవాహనుల కాలపు అకీకు పూసలు మన కొండాపూర్, పెద్దబంకూరు తవ్వకాల్లోనూ దొరికాయి. 16వ శతాబ్దం మొదట్లో పోర్చుగీసు దువార్తే బర్బోసా రతన్‌పూర్ పక్కనున్న లిమోద్రా గురించీ, రాళ్లు కాల్చి ఎర్రబరచడం గురించీ రాశాడు. తర్వాత సింధుశాఖ మేట వేసి ఖంభాత్ రేవు పూడిపోయింది. 19వ శతాబ్దంలో జర్మనీలోని ఇడార్-ఓబర్‌స్టైన్ సానకారులు బ్రెజిల్ రాయి తెప్పించుకుని, ఖంభాత్ పూసల నకళ్లు చేసి ఆఫ్రికాకు అమ్మారు. ఖంభాత్ సరుకుకు అక్కడే పెద్ద గిరాకీ ఉండేది.

మెరుగు పెట్టడం గురించి మాత్రం ఆగి చెప్పాలి. బొంబాయి గెజిటీర్ ఆరో సంపుటం 1880లో అచ్చయింది. ఖంభాత్ సంస్థానం గురించి అందులోనే ఉంది. ఆ రోజుల్లో చిన్న పూసలను తోలు సంచీలో పోసి, కురువిందం పొడి కలిపి, నీటితో తడుపుతూ, ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని సంచీని అటూ ఇటూ రోజుల తరబడి దొర్లించేవారు. పెద్ద ముక్కలకు లక్కలో కురువిందం కలిపి చేసిన చక్రం. ఒకడు విల్లు తాడుతో చక్రం తిప్పుతుంటే చేతి వేగంతోనే రాయి అరిగేది. సంచీలోదీ మెరుగే, చక్రం మీదదీ మెరుగే. కానీ ఒకటి తడి పని, రెండోది పొడి పని. నా దృష్టిలో ఈ కళ చరిత్రలో అసలు గీత ఇక్కడ పడింది.

కరెంటు వచ్చాక తోలు సంచీ స్థానంలో మోటారుతో తిరిగే పీపా వచ్చింది. అది మేలే. దుమ్ము లేదు, మనిషి నడుం పడిపోదు. చక్రానికీ మోటారు తగిలించారు. అది కీడు. చేత్తో తిప్పినప్పుడు నేల మీద రాలే పొడి, మోటారు వేగానికి గాల్లోకి లేస్తుంది. అకీకు దాదాపు మొత్తం సిలికాయే. ఆ సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే మచ్చ కడుతుంది, దాన్ని సిలికోసిస్ అంటారు. మందు లేదు. టీబీ తోడవుతుంది, చాలాసార్లు టీబీ అనుకునే వైద్యమూ జరిగిపోతుంది. ఖంభాత్ పక్క షకర్‌పూర్‌లో చక్రం ఇంటి వసారాలోనే ఉంటుంది. అక్కడే వంట, అక్కడే పిల్లల చదువు. మా రిగ్గుల మీద సిమెంటు బస్తా విప్పినా మాస్కు లేకపోతే ఇంజనీరు కేకలేసేవాడు. షకర్‌పూర్‌లో నేను చూసిన రక్షణ మూతికి చుట్టిన నూలు గుడ్డ. దాని మీదా తెల్లటి పొడే. 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో, అధికారులకు తెలియజేసి తీరాల్సిన రోగాల పట్టికలో, సిలికోసిస్ ఉండేది. ఇంట్లో కూర్చుని ముక్కకింత అని అరగదీసేవాడు ఆ చట్టం లెక్కలో ఫ్యాక్టరీ కార్మికుడు అయ్యేవాడు కాదు. 'అగేట్స్ ఆఫ్ కాంబే' అని సరుకుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. చేసినవాడికి గుర్తింపు కార్డు కూడా లేని ఇళ్లు చూశాను.

పండగ సరుకు గురించి మా ఆవిడ అడిగితే గానీ నాకు తట్టలేదు. సంక్రాంతి బొమ్మల కొలువులో అమ్మవారి మెడకు ఆవిడ ఖంభాత్ ఎర్ర పూసల దండ వేస్తుంది. రంజాన్‌కు తస్బీలూ, అకీకు ఉంగరాలూ చార్మినార్ చుట్టుపక్కల దొరుకుతాయి. వాటికి ఏడాది పొడుగునా కొనేవాళ్లుంటారు. కానీ ఖంభాత్ వ్యాపారి చెప్పిన ప్రకారం, ఇప్పుడు హడావిడంతా క్రిస్మస్ సరుకుది. చెట్టుకు వేలాడదీసే నక్షత్రాలు, హృదయాలు, శిలువలు, అరచేతిలో ఇమిడే రెక్కల దేవదూతలు. ఓడ మీద వెళ్లాలి గనక వానాకాలంలోనే పని ముగించాలట.

గుండ్రటి పూసకు సుత్తి దెబ్బ పడ్డాక మిగతా మెరుగు చాలామటుకు పీపాయే చూసుకుంటుంది. నక్షత్రానికి కోణాలున్నాయి. దేవదూత మెడకూ రెక్కకూ నడుమ సన్నటి పల్లం ఉంది. అది పీపాలో రాదు. చక్రం అంచుకు ఆనించి, మొహం దగ్గరగా పెట్టి, కంటితో చూసుకుంటూ చేత్తోనే తీయాలి. చక్రం మీద సన్నగా నీళ్లు పారించి, వెనక దుమ్ము లాగే ఫ్యాను పెడితే ఊపిరితిత్తులకు ముప్పు చాలావరకు తగ్గుతుంది, అలా పెట్టినవాళ్లూ కొందరున్నారు. నీళ్లు పడితే అరుగుదల కంటికి సరిగ్గా ఆనదు, రోజుకు నాలుగు ముక్కలు తగ్గుతాయి అన్నాడు షకర్‌పూర్ కుర్రాడు. కూలి ముక్కల లెక్కన.