గోదారి గట్టున రోజా పళ్లెం

రాజమహేంద్రవరంలోని పాత మసీదులో ఒక శాసనం ఉంది. ఢిల్లీని గియాసుద్దీన్ తుగ్లక్ ఏలుతున్న రోజుల్లో, ఆయన కొడుకు ఉలుగ్ ఖాన్ కొలువులోని సాలార్ ఉల్వీ ఆ మసీదు కట్టించాడని అది చెబుతుంది. దాని మీద తేదీ హిజ్రీ 724, రంజాన్ 20. మన లెక్కలో 1324 సెప్టెంబరు 10. అంటే గోదావరి ఒడ్డున రంజాన్ ఉపవాసాలైన రోజాలు మొదలై ఏడు వందల ఏళ్లు దాటింది. ఇన్ని తరాల వాళ్లు ఈ నీళ్లతో, ఈ నేల పంటతోనే ఉపవాసం విడిచారు.

ధవళేశ్వరం దాటాక గౌతమి వెంట దిగువకు వస్తే జొన్నాడ. ఇక్కడి వంతెన దాటితే రావులపాలెం, అక్కడ అరటి గెలల మార్కెట్. చక్కెరకేళి, కర్పూర, అమృతపాణి గెలలు లారీలకెక్కేది అక్కడే. కోనసీమలో కొబ్బరి సంగతి చెప్పనే అక్కర్లేదు. రోజా విడిచే పళ్లానికి ఇంతకంటే మంచి సరుకు మరోచోట వెతకాల్సిన పని లేదని నా గట్టి నమ్మకం. రోజా విడవడానికి అలవాటైన ఖర్జూరం ఎడారి నుంచి వచ్చింది. దాని చక్కెర ఒంటికి త్వరగా అందుతుంది, పొటాషియమూ ఉంటుంది. అరటిపండు, కొబ్బరినీళ్లు చేసే మేలు కూడా అదే. రెండు ఖర్జూరాలు, ఒక చక్కెరకేళి, ఒక బొండాం నీళ్లు. సాయంత్రం మగ్రిబ్ నమాజుకు ముందు ఇంతకు మించి అక్కర్లేదు. మూత్రపిండాల జబ్బున్నవాళ్లు మాత్రం ఈ పొటాషియం సంగతి డాక్టరును అడిగి తీరాలి.

మన అక్షాంశం దగ్గర రోజా నిడివి ఏడాది పొడవునా పెద్దగా మారదు. డిసెంబరులో సుమారు పన్నెండున్నర గంటలు, జూన్‌లో పద్నాలుగున్నర. మారేది ఎండ. చాంద్రమానపు రంజాన్ నెల ఏటా పదీ పదకొండు రోజులు ముందుకు జరుగుతూ 33 ఏళ్లకు రుతువులన్నీ చుట్టి వస్తుంది. 2018, 2019ల్లో రంజాన్ మే నెలలో మొదలైంది. ఆ ఉక్కపోతలో పొలంలోనో లారీ మీదో పనిచేసే రోజాదారును కుంగదీసేది ఆకలి కాదు, దాహం. ఇఫ్తార్ నుంచి సహరీ దాకా, అంటే సాయంత్రం రోజా విడిచింది మొదలు తెల్లవారుజామున తినే దాకా, గంటకో గ్లాసు చొప్పున నీళ్లు తాగాలి. సహరీ వేళ ఒక్కసారిగా చెంబెడు గటగటా తాగితే అవి ఒంట్లో నిలవవు.

రోజా విడిచే వేళకు తగిన వంటలు పూర్వీకుల నుంచే వచ్చాయి. పదో శతాబ్దంలో బాగ్దాదులో ఇబ్న్ సయ్యార్ అల్ వర్రాక్ కూర్చిన వంటల పుస్తకంలోనే గోధుమ, మాంసం కలిపి ఉడికించే హరీస్ కనిపిస్తుంది. నిజాం కొలువుకు వచ్చిన యెమెన్ అరబ్బులతో అది హైదరాబాదు చేరి, పప్పులు, మసాలాలు కలుపుకొని హలీం అయింది. 2010లో భౌగోళిక గుర్తింపు కూడా పొందింది. నానిన గోధుమ, మాంసం, పప్పు కట్టెల భట్టీ మీద గంటల తరబడి ఉడుకుతాయి. ఇద్దరేసి మనుషులు కర్రలతో మెదుపుతుంటే పీచుపీచుగా విడిపోయి ముద్దవుతాయి. బలమైన తిండే. అయితే హోటల్ హలీంలో నెయ్యి తేలుతుంది కాబట్టి నెల పొడవునా రోజూ తినేది కాదు.

నాకు అంతకంటే గొప్పగా తోచేది దక్షిణాది మసీదుల గంజి. బియ్యం నూక, పెసరపప్పు, చిటికెడు మెంతులు, నాలుగు వెల్లుల్లి రేకలు కలిపి మెత్తగా ఉడికించి, దించేముందు కొబ్బరిపాలు, పుదీనా వేస్తారు. నీరు, ఉప్పు, పిండిపదార్థం, మాంసకృత్తులు ఒక్క గిన్నెలోనే వచ్చేస్తాయి. పొద్దంతా ఎండిన కడుపు దాన్ని హాయిగా అరిగించుకుంటుంది. తమిళనాడు ప్రభుత్వం ఈ గంజి కోసం మసీదులకు ఏటా బియ్యం ఇస్తోంది. కొబ్బరి ఇంత దండిగా ఉన్న మన సీమలో ఈ గంజి ప్రతి ఇఫ్తార్‌లోనూ కనిపించాలి.

ఇబ్బందంతా బజారు పళ్లెంతోనే. సమోసాలు, మిరపకాయ బజ్జీలు, వాటి మీద గ్లాసుల కొద్దీ తియ్యటి షర్బత్. ఖాళీ కడుపులో నూనె పడితే మంట, రాత్రి తరావీ నమాజులో ఆయాసం. సహరీ మానేసి పడుకోవడం ఇంకో పొరపాటు. తెల్లవారుజామున దంపుడు బియ్యం అన్నమో జొన్నరొట్టో, పప్పు, గుడ్డు, పెరుగు తింటే మధ్యాహ్నం దాకా నిలుస్తాయి. ఊరగాయ, అప్పడం దాహం పెంచుతాయి.

చక్కెర జబ్బున్నవాళ్ల సంగతి వేరు. 2001లో 13 దేశాల్లో 12,000 మందికి పైగా మధుమేహులను పరిశీలించిన ఎపిడియార్ అధ్యయనంలో, టైప్ 2 రోగుల్లో చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం రంజాన్‌లో ఏడున్నర రెట్లు పెరిగినట్టు తేలింది. అందుకే రంజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టరును కలిసి మందుల వేళలు, మోతాదులు మార్చుకోవాలి. వేలు పొడిచి రక్తం చూసుకుంటే రోజా చెడదని మత పండితులైన ఉలమాలు చెబుతున్నారు. చక్కెర 70కి దిగినా, 300 దాటినా అప్పటికప్పుడే రోజా విడవాలి. రోగికి, ప్రయాణికుడికి ఖురాన్ సడలింపు ఇచ్చింది. వాళ్లు ఆ రోజాలు తర్వాత ఉండాలి. జబ్బు నయమయ్యే దారి లేనివాళ్లు తప్పిన ఒక్కో రోజాకు ఒక్కో పేదకు అన్నం పెడతారు.