పునాది సంవత్సరం: కుండల ఊళ్ల నుంచి నూజివీడు దాకా

విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదువు మొదలయ్యే ముందు, ఆ చదువుకు కావలసిన సన్నాహం లేని విద్యార్థికి ఒక ఏడాది పాటు ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చే ఏర్పాటును ఇంగ్లండులో ఫౌండేషన్ ఇయర్, అంటే పునాది సంవత్సరం అని వ్యవహరిస్తున్నారు. పుస్తకం చదివి సారం గ్రహించడం, ఉపన్యాసం వింటూ నోట్సు రాసుకోవడం, ఆధారాలు చూపుతూ వ్యాసం రాయడం వంటి అధ్యయన నైపుణ్యాలనూ, నలుగురిలో మాట్లాడటం, జట్టుగా పనిచేయడం, ఒప్పుకున్న పనిని గడువులోగా పూర్తి చేయడం వంటి ఉపాధి నైపుణ్యాలనూ ఆ ఏడాదిలోనే అలవరచాలని నేటి పాఠ్యప్రణాళికలు కోరుతున్నాయి. ఈ నైపుణ్యాలను విడి పేపరుగా బోధించడం ఇటీవలి పద్ధతి. పునాది సంవత్సరం పుట్టిన చోట అవి విడిగా లేవు. గంభీరమైన విషయాన్ని పట్టుదలగా చదివే క్రమంలోనే అవి అలవడ్డాయి. ఆ చరిత్ర తెలియాలంటే ఇంగ్లండు మధ్యభాగంలో, పింగాణీ పాత్రల తయారీకి పేరుపడిన స్టోక్-ఆన్-ట్రెంట్ ప్రాంతం నుంచి మొదలుపెట్టాలి.

ఆ ప్రాంతంలోని పట్టణాలలో లాంగ్టన్ ఒకటి. 1903లో ఆల్బర్ట్ మాన్స్‌బ్రిడ్జ్ స్థాపించిన కార్మిక విద్యా సంఘం, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం కలిసి 1908 జనవరిలో అక్కడ ఒక సాయంత్రపు తరగతిని ప్రారంభించాయి. బోధించడానికి వచ్చినవాడు ఆర్థిక చరిత్రకారుడు ఆర్.హెచ్. టానీ, అప్పటికి ఆయన ఇంకా ముప్ఫై ఏళ్లలోపువాడే. ఎదురుగా కూర్చున్నవారిలో సారె మీద పాత్రలు చేసే పనివారు, వాటి మీద చిత్రాలు వేసేవారు, గని కార్మికులు, బుట్టలు అల్లేవారు, గుమాస్తాలు, ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులు ఉండేవారు. వారిలో చాలామంది చిన్ననాడే బడి మానేసి పనిలో చేరినవారు. పగలంతా పనిచేసి వచ్చిన వారికి సులువైన చదువు చెబితే చాలునని నిర్వాహకులు అనుకోలేదు. ఆక్స్‌ఫర్డ్ విద్యార్థి చదివే స్థాయిలోనే వారూ చదవాలన్నది ఆ తరగతికి పెట్టుకున్న షరతు.

ట్యుటోరియల్ తరగతి అని పేరుపడిన ఆ పద్ధతి నియమాలను దగ్గరగా చూడటం అవసరం, ఎందుకంటే తర్వాతి కాలపు పునాది సంవత్సరానికి కావలసిన సరంజామా అంతా అందులోనే ఉంది. చేరినవారు మూడేళ్ల పాటు వస్తామని మాట ఇవ్వాలి. ఏడాదికి 24 సమావేశాలు జరుగుతాయి. తరగతిలో 30 మందికి మించి ఉండరాదు. ప్రతి సమావేశం రెండు గంటలు సాగుతుంది, మొదటి గంట ఉపన్యాసం, రెండో గంట చర్చ. రెండు వారాలకు ఒకసారి ప్రతి ఒక్కరూ వ్యాసం రాసి ఇవ్వాలి, ట్యూటర్ దాన్ని దిద్ది తిరిగి ఇవ్వాలి. గుర్తించవలసిన సంగతి ఏమంటే ఇందులో ‘వ్యాసం రాయడం ఎలా’ అన్న పాఠం లేదు, ‘సభలో మాట్లాడటం ఎలా’ అన్న పాఠమూ లేదు. కూలి రేట్లు, భూముల కంచెలు, పారిశ్రామిక విప్లవం వంటి, తమ బతుకును నేరుగా తాకే విషయాల మీద వాదించవలసి రావడంతో ఆ రెండూ వాటంతట అవే వచ్చాయి. చర్చ గంటలో ట్యూటర్ చెప్పినదాన్ని కాదనే హక్కు గని కార్మికుడికి ఉండేది, కాదనడానికి కారణం చూపవలసిన బాధ్యత కూడా ఉండేది.

ఫలితాలు తొందరగానే కనిపించాయి. లాంగ్టన్ విద్యార్థులే కొందరు చుట్టుపక్కల గని గ్రామాలకు వెళ్లి తమకంటే తక్కువ చదివినవారికి పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. 1911లో అది ఉత్తర స్టాఫర్డ్‌షైర్ గని కార్మికుల ఉన్నత విద్యా ఉద్యమంగా రూపుదిద్దుకుంది. తరగతికి కార్యదర్శిగా పనిచేసిన ఇ.ఎస్. కార్ట్‌రైట్ ఆ తర్వాత ఆక్స్‌ఫర్డ్ ట్యుటోరియల్ తరగతుల కమిటీ కార్యదర్శిగా బాధ్యతలు చేపట్టాడు. నేడు ఉపాధి నైపుణ్యం అని పిలిచేదానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

ఆ ప్రాంతపు తరగతులతో దీర్ఘకాలం సంబంధం పెట్టుకున్న మరొక వ్యక్తి ఎ.డి. లిండ్సే. 1879లో గ్లాస్గోలో పుట్టిన ఈ తత్త్వశాస్త్ర ఆచార్యుడు 1924 నుంచి 1949 వరకు ఆక్స్‌ఫర్డ్‌లోని బేలియల్ కళాశాలకు అధిపతిగా ఉన్నాడు. తెలుగు పాఠకులకు ఆయన పూర్తిగా పరాయివాడేమీ కాడు. 1930-31లో భారతదేశంలోని క్రైస్తవ కళాశాలల పరిస్థితిని పరిశీలించిన కమిషన్‌కు అధ్యక్షుడు ఆయనే. కళాశాల తన చుట్టూ ఉన్న సమాజం కోసం పరిశోధన, విస్తరణ కార్యక్రమాలు చేపట్టాలని ఆ కమిషన్ సూచించింది. 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లిన గాంధీజీ ఆక్స్‌ఫర్డ్‌లో బస చేసింది కూడా లిండ్సే ఇంట్లోనే. లిండ్సే పెరిగిన స్కాట్లండులో విశ్వవిద్యాలయ డిగ్రీ నాలుగేళ్లు. ఏ శాస్త్రం చదివేవారైనా మొదట విశాలమైన సాధారణ విద్య పొందడం అక్కడి ఆనవాయితీ. ఒకే శాస్త్రంలో మొదటి రోజు నుంచే లోతుకు దిగే ఇంగ్లండు పద్ధతి ఆయనకు ఇరుకుగా తోచడానికి ఆ పెంపకమే కారణం.

రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక, స్టోక్ నగరపాలక సంస్థలో లేబర్ పక్షానికి నాయకుడూ, ఎట్రూరియా చర్చి పురోహితుడూ అయిన థామస్ హార్వుడ్, లిండ్సేతో కలిసి, కార్మికుల తరగతులు వేళ్లూనిన ఆ నేల మీదే ఒక విశ్వవిద్యాలయ కళాశాల కావాలని పట్టుబట్టాడు. అప్పటివరకు ఇంగ్లండులో కొత్త కళాశాల ఏదైనా లండన్ విశ్వవిద్యాలయం పెట్టే పరీక్షలకు తన విద్యార్థులను తయారుచేయవలసిందే. పాఠ్యప్రణాళికను సొంతంగా రూపొందించుకునే స్వేచ్ఛ దానికి ఉండేది కాదు. ఆక్స్‌ఫర్డ్, బర్మింగ్‌హామ్, మాంచెస్టర్ విశ్వవిద్యాలయాలు హామీగా నిలబడటంతో, 1949లో ఏర్పడిన ఉత్తర స్టాఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయ కళాశాలకు సొంతంగా డిగ్రీ ఇచ్చే అధికారం మొదటి నుంచీ లభించింది. ఆ అధికారం లేకపోతే నాలుగేళ్ల డిగ్రీ గాని, పునాది సంవత్సరం గాని సాధ్యపడేవి కావు.

కళాశాలకు దొరికిన చోటు కీల్ గ్రామంలో స్నీడ్ వంశస్థుల పాత భవంతి, దాని చుట్టూ యుద్ధకాలంలో సైన్యం వేసి వదిలేసిన రేకుల గుడిసెలు. 1950 అక్టోబరులో సుమారు 150 మంది విద్యార్థులు ఆ గుడిసెల్లోనే బస చేసి చదువు మొదలుపెట్టారు. అధ్యాపకుల నివాసం కూడా ఆ ఆవరణలోనే. మొదటి ఏడాది అందరికీ ఒక్కటే. భౌతికశాస్త్రం చదవదలచినవాడూ, చరిత్ర చదవదలచినవాడూ ఒకే గదిలో కూర్చుని, భూమి పరిణామం, గ్రీకుల ఆలోచన, క్రైస్తవ సంప్రదాయం, ఆధునిక విజ్ఞానం, పారిశ్రామిక సమాజం, సమకాలీన ప్రపంచపు సమస్యలు అనే వరుసలో సాగిన ఉపన్యాసాలను వినేవారు. ఒక్కో ఉపన్యాసం ఒక్కో శాఖకు చెందిన అధ్యాపకుడిది కాబట్టి, ఏడాది తిరిగేసరికి విద్యార్థికి దాదాపు అన్ని శాఖలవారి ఆలోచనా ధోరణి పరిచయమయ్యేది. ఉపన్యాసం తర్వాత చిన్న బృందాలలో చర్చలు, వాటి కోసం వ్యాసాలు. దీనికి తోడు, ఎవరికివారు తాము అంతకుముందు చదవని శాస్త్రాలను కొంతకాలం తప్పనిసరిగా చదవాలి. కళలు, సామాజిక శాస్త్రాలు, ప్రకృతి శాస్త్రాలు అనే మూడింటిలో ఏదీ పూర్తిగా వదిలిపెట్టే వీలు లేదు. ఆ తర్వాతి మూడేళ్లలో రెండు ప్రధాన విషయాలు చదివి పట్టా పుచ్చుకునేవారు. మొదటి ఏడాది ముగిసేసరికి తాము అనుకుని వచ్చిన విషయాన్ని మార్చుకునేందుకు అవకాశం ఉండటం ఈ పద్ధతిలోని గొప్ప మేలు. పదిహేడేళ్ల వయసులో తీసుకున్న నిర్ణయాన్ని జీవితాంతం మోయనక్కరలేదని చెప్పిన చదువు అది.

లిండ్సే దాని ఫలాలను చూడలేదు. 1952 మార్చిలో, తొలి విద్యార్థులు ఇంకా రెండో ఏట ఉండగానే, ఆయన కన్నుమూశాడు. కళాశాల 1962లో కీల్ విశ్వవిద్యాలయమైంది. 1969లో ఏర్పడి 1971లో బోధన ప్రారంభించిన బ్రిటన్ సార్వత్రిక విశ్వవిద్యాలయం కూడా, ముందస్తు అర్హతలేవీ అడగకుండా చేర్చుకున్న వేలాదిమందికి తొలి మెట్టుగా ఫౌండేషన్ కోర్సులనే నిర్ణయించింది. కీల్‌లో మాత్రం పునాది సంవత్సరం క్రమంగా బలహీనపడింది. నాలుగో ఏటి ఖర్చు ప్రభుత్వానికి బరువనిపించింది. 1970లలో మూడేళ్ల డిగ్రీని కూడా ప్రవేశపెట్టవలసి వచ్చింది. 1981లో విశ్వవిద్యాలయాల నిధులకు పడిన కోతలో తీవ్రంగా దెబ్బతిన్న సంస్థలలో కీల్ ఒకటి. బోధనలో లోపం తేలి పునాది సంవత్సరం అంతరించలేదు, డబ్బు చాలక అంతరించింది. ఈ మాట స్పష్టంగా చెప్పడం న్యాయం.

అదే కాలంలో పునాది సంవత్సరానికి వేరే అర్థం ఏర్పడింది. 1978లో బ్రిటన్ విద్యాశాఖ, వయసు మీరినవారికీ, వలస వచ్చిన కుటుంబాలవారికీ ఉన్నత విద్యలోకి దారి కల్పించే యాక్సెస్ కోర్సులను ప్రయోగాత్మకంగా నడపమని ఏడు స్థానిక విద్యాధికార సంస్థలను కోరింది. 1997లో డియరింగ్ కమిటీ నివేదిక, ప్రతి పట్టభద్రుడికీ భావప్రకటన, అంకెలతో వ్యవహరించడం, కంప్యూటర్ వినియోగం, నేర్చుకోవడాన్ని నేర్చుకోవడం అనే నాలుగు కీలక నైపుణ్యాలు ఉండాలని చెప్పింది. వీటిని వేటికవే పాఠాలుగా విడదీసి బోధించే అలవాటు ఆ తర్వాత బలపడింది. ఫీజులు పెరిగిన 2012 తర్వాత విశ్వవిద్యాలయాలకు పునాది సంవత్సరం రాబడిగా కూడా మారి, 2011-12లో పది వేలకు లోపున్న ప్రవేశాలు 2021-22 నాటికి 70 వేలకు చేరువయ్యాయి. ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం వ్యాపార నిర్వహణ కోర్సులదే. చివరకు ప్రభుత్వం 2025-26 నుంచి తరగతి గదిలో మాత్రమే బోధించే విషయాలకు పునాది సంవత్సరపు గరిష్ఠ ఫీజును 5,760 పౌండ్లకు తగ్గించింది. చదువు అందనివారికి దారి చూపడం మంచి ఆశయమే. కాని దిద్దవలసిన వ్యాసాలు తగ్గి, నింపవలసిన ఫారాలు పెరిగిన చోట ఆ ఆశయం నెరవేరడం కష్టం.

తెలుగునాట ఈ కథ మరో దారిన నడిచింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1949లో నివేదిక ఇచ్చిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్, పన్నెండేళ్ల చదువు తర్వాతే విశ్వవిద్యాలయ ప్రవేశం ఉండాలనీ, అందరికీ సాధారణ విద్య అందాలనీ సిఫారసు చేసింది. కర్నూలులో పుట్టిన ఎ. లక్ష్మణస్వామి మొదలియార్ నాయకత్వంలోని మాధ్యమిక విద్యా కమిషన్ 1953లో, పాత ఇంటర్మీడియట్‌ను ఎత్తివేస్తున్న సంధికాలంలో, ఒక ఏడాది ప్రీ-యూనివర్సిటీ కోర్సును సూచించింది. తెలుగు జిల్లాలలో ఒక తరం నోట పి.యు.సి.గా నిలిచిపోయినది ఇదే. బడిలో తెలుగులో చదివి వచ్చిన పిల్లవాడు ఒక్క ఏడాదిలో ఆంగ్ల ఉపన్యాసాలకు అలవాటు పడాలి, నోట్సు రాసుకోవడం నేర్చుకోవాలి, పైగా ఆ మార్కుల మీదే వైద్యమో ఇంజనీరింగో తేలిపోవాలి. అంత బరువు మోసే ఏడాదికి అంత తక్కువ సాయం చేసిన ఏర్పాటు మరొకటి ఉండదు. 1969-70లో దాని స్థానంలో రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చింది, 1971లో దానికి ప్రత్యేక బోర్డు ఏర్పడింది. దాంతో సన్నాహపు చదువు విశ్వవిద్యాలయం చేతిలోంచి జారి, కాలక్రమంలో ప్రవేశపరీక్షల శిక్షణగా మారిపోయింది.

ఆ లోటును పూడ్చే ప్రయత్నాలు లేకపోలేదు. జి. రాంరెడ్డి తొలి ఉపకులపతిగా 1982లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, నేటి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇంటర్ పాసు కానివారిని కూడా అర్హత పరీక్ష ద్వారా డిగ్రీలోకి తీసుకుంది. 2000 తర్వాతి దశాబ్దంలో కళాశాలల్లో జవహర్ నాలెడ్జ్ సెంటర్లు పెట్టి ఇంటర్వ్యూలు, బృంద చర్చలలో తర్ఫీదు ఇచ్చారు. 2020-21లో ఆంధ్రప్రదేశ్ డిగ్రీ పాఠ్యప్రణాళికలో జీవన నైపుణ్యాలు, నైపుణ్యాభివృద్ధి అనే విడి కోర్సులు, పది నెలల ఇంటర్న్‌షిప్ చేరాయి. వీటిలో ఇంటర్న్‌షిప్ నిజమైన మేలు చేయగలది, ఎందుకంటే అందులో విద్యార్థికి నిజమైన పని ఉంటుంది. విడి కోర్సుల విషయంలో అంత నమ్మకంగా చెప్పలేం.

పి.యు.సి. అన్న పేరు మళ్లీ జీవం పోసుకున్నది 2008లో, నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు. పదో తరగతి మార్కుల ఆధారంగా, ప్రభుత్వ బడుల పిల్లలకు అదనపు ప్రాధాన్యం ఇచ్చి, గ్రామీణ విద్యార్థులను ఆరేళ్ల ఇంజనీరింగ్ కోర్సులో చేర్చుకోవడం, అందులో మొదటి రెండేళ్లను పి.యు.సి.గా విశ్వవిద్యాలయమే తన ఆవరణలో నడపడం దాని పద్ధతి. కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి దానికి తొలి ఛాన్సలర్. సన్నాహపు చదువు, డిగ్రీ చదువు, నివాసం ఒకే చోట ఉండటంలో అది తెలిసో తెలియకో కీల్‌ను పోలి ఉంది. ఇంజనీరింగ్ ప్రవేశపరీక్ష భయం లేని రెండేళ్లు తెలుగునాట పల్లె విద్యార్థికి దొరకడం అరుదు. ఆ రెండేళ్లలో పక్షానికొక వ్యాసం, వారానికొక చర్చ గంట, దిద్ది ఇచ్చే అధ్యాపకుడు, ముప్ఫై మందికి మించని బృందం ఉండేట్టు చూడటం విశ్వవిద్యాలయాన్ని నడిపేవారూ, దానికి నిధులిచ్చే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలూ వెంటనే చేపట్టవలసిన పని. అందుకు కావలసింది కొత్త కోర్సు కాదు, మరికొందరు అధ్యాపకులు.