మసాలా టీ: దినుసుల కన్నా వరసే ముఖ్యం

ప్రేమ్ బజార్ (ఖరగ్‌పూర్, పశ్చిమ బెంగాల్): ఒకే టీపొడి, అవే పాలు, అవే సుగంధ ద్రవ్యాలు వాడినా రెండు ఇళ్లలో కాచిన మసాలా టీ ఒకే రుచిలో ఉండదు. ఒక ఇంట్లో అల్లం ఘాటు గొంతును తాకితే, మరో ఇంట్లో పాలు విరిగిపోతాయి. ఒకచోట యాలకుల పరిమళం గది నిండా వ్యాపించి కప్పులో మాత్రం మిగలదు. ఏ దినుసు ఎప్పుడు వేశారు, ఎంతసేపు మరిగించారు అన్న రెండు విషయాల మీదే ఈ తేడా చాలావరకు ఆధారపడి ఉంటుంది. మసాలా టీ పుట్టుక, దినుసుల స్వభావం, ఇంట్లో కాచే పద్ధతి, రుచి చూసే విధానం, పాటించాల్సిన జాగ్రత్తల వివరాలివి.

రైల్వే పట్టణంలో రెండు అలవాట్లు

ఖరగ్‌పూర్ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఎదిగిన పట్టణం. ఇక్కడి 1,072.5 మీటర్ల ప్లాట్‌ఫాం 2013లో గోరఖ్‌పూర్‌లో అంతకన్నా పొడవైనది వచ్చేవరకు ప్రపంచంలోనే అతి పొడవైనదిగా పేరు పొందింది. రైల్వే ఉద్యోగాల కోసం ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఇక్కడే స్థిరపడ్డాయి. 2020 డిసెంబర్‌లో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా హోదా ఇవ్వాలని నిర్ణయించడానికి ప్రధాన కారణం ఈ పట్టణంలోని తెలుగువారే. 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైన ఐఐటీకి సమీపంలో ఉన్న ప్రేమ్ బజార్ ఈ పట్టణంలోనిదే.

ఇటువంటి చోట రెండు టీ సంప్రదాయాలు ఎదురుపడతాయి. బెంగాలీల ‘చా’ చిన్న మట్టి కప్పులో వస్తుంది. పాలు కలిపిన అల్లం టీతో పాటు, పాలు లేకుండా నిమ్మరసం, నల్ల ఉప్పు కలిపిన ‘లేబు చా’కు అక్కడ సమాన ఆదరణ ఉంది. తెలుగువారి ఇళ్లలో టీ అంటే చిక్కని పాలు, యాలకులు. జలుబు చేస్తే శొంఠి, మిరియాలు.

పేర్లలోనూ ఈ వైవిధ్యం కనిపిస్తుంది. చైనాలోని వివిధ ప్రాంతాల ఉచ్చారణలను బట్టి ‘చా’, ‘తే’ అనే రెండు రూపాలు ప్రపంచమంతటా వ్యాపించాయి. బెంగాలీ ‘చా’, తెలంగాణ ‘చాయ్’ మొదటి శాఖకు చెందినవి. కోస్తా ‘టీ’, పుస్తకాల ‘తేనీరు’ రెండో శాఖవి. తేనీరులో ఉన్నది తేనె కాదు, తేయాకులోని ‘తే’.

వ్యాపారులు వద్దన్నా వచ్చిన మసాలా

శొంఠి, మిరియాలు, తులసి కలిపి కాచే కషాయాలు ఈ దేశంలో ప్రాచీనమైనవి. వాటిలో తేయాకు చేరింది మాత్రం ఇటీవలి కాలంలోనే. అస్సాంలో సింగ్‌ఫో తెగవారు వాడుతున్న తేయాకును 1823లో రాబర్ట్ బ్రూస్ గుర్తించాడు. 1839లో అస్సాం కంపెనీ ఏర్పడింది. 1861లో కలకత్తాలో తేయాకు బహిరంగ వేలం మొదలైంది. అయినా ఆ పంటలో అధిక భాగం ఓడలెక్కి విదేశాలకే వెళ్లేది. సామాన్య భారతీయుడికి టీ అలవాటు లేదు.

20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో తేయాకు వ్యాపార సంఘాలు దేశీయ విపణిపై దృష్టి పెట్టాయి. ప్రచారానికి రైల్వే స్టేషన్లు, మిల్లులు, గనులను ఎంచుకున్నాయి. స్టేషన్లలో అమ్మేవారికి కెటిళ్లు, కప్పులు, టీపొడి పొట్లాలు సమకూర్చి, ఆంగ్లేయుల పద్ధతిలో టీ తయారుచేయడం నేర్పాయి. అమ్మేవారు ఆ పాఠాన్ని తమకు అనువుగా మార్చుకున్నారు. పాలు, పంచదార పెంచారు, అల్లం, యాలకులు చేర్చారు, అన్నీ కలిపి మరిగించారు. మసాలా చేరితే టీపొడి తక్కువ పట్టడం, కొనేవారికి ఆ రుచి నచ్చడం వారికి కలిసి వచ్చాయి. టీపొడి అమ్మకం తగ్గుతుందని వ్యాపార సంఘాలు ఈ ధోరణిని నిరసించాయి. చివరకు నిలిచింది మాత్రం స్టేషన్ టీయే.

1930 ప్రాంతంలో అస్సాంలో విలియం మెక్‌కెర్చర్ రూపొందించిన సీటీసీ యంత్రం ఈ మార్పును స్థిరపరిచింది. ఆకును నలిపి, చీల్చి, గుళికలుగా చుట్టే ఈ పద్ధతిలో తయారైన పొడి కొద్దిపాటికే ముదురు రంగును, గాఢతను ఇస్తుంది. స్వాతంత్ర్యానంతరం సీటీసీ విస్తరించడంతో టీ పేదవాడికి కూడా అందుబాటులోకి వచ్చింది.

ఏ పొడి దేనికి?

పాలు, మసాలా కలిపే టీకి సీటీసీ రకమే తగినది. అస్సాం పొడి గాఢతను, నీలగిరి పొడి సువాసనను ఇస్తాయి. దక్షిణాదిలో ఎక్కువగా అమ్ముడుపోయే ‘డస్ట్’ రకం పేరు విని అది తుక్కు అనుకోరాదు. అది గింజ పరిమాణాన్ని సూచించే వ్యాపార పదం మాత్రమే. గింజ ఎంత చిన్నదైతే రంగు, వగరు అంత త్వరగా దిగుతాయి కాబట్టి డస్ట్‌ను తక్కువసేపు మరిగించాలి.

డార్జిలింగ్ వంటి పొడవాటి ఆకు రకాల సున్నితమైన పరిమళం పాలలో, లవంగాల ఘాటులో కనబడకుండా పోతుంది. వాటిని వేడినీటిలో నానబెట్టి, విడిగా తాగడమే ఉత్తమం.

దినుసుల స్వభావం

అల్లం: పచ్చి అల్లంలో పాల మాంసకృత్తులను విడగొట్టే జింజిబేన్ అనే ఎంజైమ్ ఉంటుంది. గోరువెచ్చని పాలలో అల్లం వేస్తే విరగడానికి కారణం ఇదే. నీటిలో బాగా మరిగితే అది నిర్వీర్యమవుతుంది. అందుకే అల్లం ముందు నీటిలో మరగాలి, పాలు తరువాత రావాలి. వేడికి అల్లం ఘాటు కొంత నెమ్మదించి తీపి వాసన సంతరించుకుంటుంది. శొంఠిలో షోగాల్ అనే పదార్థం ఎక్కువ కాబట్టి దాని ఘాటు పచ్చి అల్లాన్ని మించుతుంది. పచ్చి అల్లం వేసే చోట శొంఠి చిటికెడు చాలు.

దాల్చినచెక్క: బెరడు కాబట్టి సారం నిదానంగా దిగుతుంది. మొదటే నీటిలో పడాలి.

లవంగాలు: యూజెనాల్ అనే తైలం వల్ల వీటి వాసన మిగతావాటిని అణచివేస్తుంది. రెండు కప్పులకు ఒకటి మించితే నాలుక మొద్దుబారినట్లు ఉంటుంది.

మిరియాలు: ఘాటునిచ్చే పైపరిన్ నీటిలో అంతగా కరగదు, కొవ్వులో బాగా కరుగుతుంది. అందువల్ల చిక్కని పాలతో కాచిన టీలో మిరియపు కారం స్పష్టంగా తెలుస్తుంది. పొడి చేయకుండా కచ్చాపచ్చాగా దంచితే సరిపోతుంది.

యాలకులు: వీటి పరిమళ తైలాలు త్వరగా ఆవిరైపోతాయి. ఆదిలోనే వేస్తే వాసన వంటగదికి చేరుతుంది, కప్పులో మిగలదు. దించడానికి ఒక నిమిషం ముందు, గింజలు నలిగేలా దంచి వేయాలి. గింజలు తీసిన తొక్కలను టీపొడి డబ్బాలో వేసి ఉంచే పాత అలవాటు వెనుక కారణం, టీపొడి వాసనలను ఇట్టే పీల్చుకోవడం. అదే కారణంతో ఇంగువ, మసాలా పొడుల పక్కన టీ డబ్బా ఉంచకూడదు.

సోంపు, తులసి: సోంపు తీపిదనాన్ని ఇస్తుంది. తులసి ఆకులు చివరలో వేయాలి.

కాచే క్రమం

150 మిల్లీలీటర్ల కప్పులు రెండింటికి నీళ్లు 200 మిల్లీలీటర్లు, పాలు 150 మిల్లీలీటర్లు, సీటీసీ పొడి రెండు చిన్న చెంచాలు, అర అంగుళం అల్లం, అర అంగుళం దాల్చినచెక్క, ఒక లవంగం, రెండు మిరియాలు, రెండు యాలకులు, రుచికి తగిన పంచదార సరిపోతాయి. ఆవిరయ్యేది, పొడిలో నిలిచేది పోగా రెండు కప్పులు వస్తాయి.

1. అల్లం, దాల్చినచెక్క, లవంగం, మిరియాలను దంచి, చల్లని నీళ్లలో వేసి పొయ్యి వెలిగించాలి. మరుగు పట్టాక సన్నని మంటపై 4 నుంచి 5 నిమిషాలు ఉంచాలి.

2. టీపొడి వేసి ఒకటి, రెండు నిమిషాలు మరగనివ్వాలి. ఇంతకు మించితే వగరు ముదిరి చేదవుతుంది.

3. విడిగా కాచి ఉంచిన వేడి పాలు పోయాలి. చల్లని పాలు పోస్తే మరుగు ఆగి, మళ్లీ మరిగేలోగా పొడి అవసరానికి మించి ఉడుకుతుంది.

4. పంచదార, దంచిన యాలకులు వేసి, ఒక పొంగు వచ్చాక మంట తగ్గించి మరో నిమిషం ఉంచాలి.

5. దించి, మూతపెట్టి ఒక నిమిషం ఆగి వడగట్టాలి.

పంచదారకు బదులు బెల్లం వాడితే పాలు విరిగే అవకాశం ఉంది. పొయ్యి ఆపి, కొద్దిగా చల్లారాక కలపడం మంచిది. వడగట్టకుండా మిగిల్చిన టీని మళ్లీ మరిగిస్తే పరిమళం పోయి చేదు మిగులుతుంది.

బెంగాలీ లేబు చాకు క్రమం వేరు. నీళ్లలో అల్లం మరిగించి, పొయ్యి ఆపాక టీపొడి వేసి, రెండు నిమిషాల తరువాత వడగట్టి నిమ్మరసం, చిటికెడు నల్ల ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి కలుపుతారు. నిమ్మ పులుపుకు రంగు తేలికవుతుంది. ఇందులో పాలు కలిపితే విరిగిపోతాయి. హైదరాబాదీ ఇరానీ చాయ్‌లో డికాక్షన్‌ను మూతబిగించి దమ్ మీద ఉంచి, పాలను విడిగా చిక్కబడేవరకు మరిగించి కప్పులో కలుపుతారు.

రుచి చూడటం ఎలా?

టీ రుచి పరీక్షకు అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 3103 ఒక పద్ధతిని నిర్దేశిస్తుంది. 100 మిల్లీలీటర్ల మరిగిన నీటికి 2 గ్రాముల పొడి చొప్పున వేసి, 6 నిమిషాలు నాననిచ్చి వడగట్టాలి. ఇది మంచి టీ తయారీ సూత్రం కాదు, రకాలను ఒకే కొలతతో పోల్చే సాధనం. కొత్త పొడి కొన్నప్పుడు పాత పొడితో పక్కపక్కన ఇలా పెట్టి చూస్తే ఏది గాఢమో, ఏది కేవలం రంగో తెలుస్తుంది.

మసాలాలకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది. ఒకే టీ డికాక్షన్‌ను నాలుగు కప్పుల్లో పోసి, ఒకదాన్ని అలాగే ఉంచి, మిగతా మూడింటిలో విడివిడిగా మరిగించిన అల్లం, లవంగం, యాలకుల నీళ్లను ఒక్కో చెంచా కలిపి రుచి చూడాలి. ఇంటిల్లిపాదికీ ఏది నచ్చుతుందో, ఏది ఎక్కువైతే మిగతావాటిని మింగేస్తుందో స్పష్టమవుతుంది. నిపుణులు చెంచాతో చప్పుడు చేస్తూ జుర్రుకోవడం అమర్యాద కాదు. గాలితో కలిసిన టీ పరిమళం నోటి వెనుక నుంచి ముక్కుకు చేరడానికే అలా చేస్తారు.

పొగలు కక్కే టీలో రుచి తెలియదు, ప్రమాదమూ ఉంది. 65 డిగ్రీల సెల్సియస్‌కు మించిన అతి వేడి పానీయాలను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో క్యాన్సర్ కారకాలయ్యే అవకాశం గలవాటి జాబితాలో చేర్చింది.

కల్తీని గుర్తించడం

వాడి పారేసిన పొడిని ఎండబెట్టి, రంగు కలిపి అమ్మడం టీ కల్తీలో ప్రధానమైనది. భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ సూచించిన పరీక్ష సులభం. వడపోత కాగితంపై పొడి చల్లి, నీళ్లు చిలకరించి, కాసేపటి తరువాత పొడి తీసివేసి కాగితాన్ని కుళాయి కింద కడగాలి. వెలుతురులో చూస్తే మంచి పొడి మరక మిగల్చదు, రంగు కలిపినది మరకలు చూపుతుంది. నూనె తీసిన లవంగాలు నీటిలో తేలుతాయి, మంచివి మునుగుతాయి. అసలు దాల్చినచెక్క పలుచగా ఉండి పెన్సిల్ చుట్టూ చుట్టుకుంటుంది. మందంగా, గరుకుగా ఉండేది కాసియా. కాసియాలో కౌమరిన్ అధికం కాబట్టి రోజూ పెద్ద మోతాదులో వాడటం కాలేయానికి మంచిది కాదు.

ఎప్పుడు తాగకూడదు?

టీలోని టానిన్లు ఆహారంలోని ఇనుమును శరీరం గ్రహించకుండా అడ్డుకుంటాయి. భోజనానికి గంట ముందు నుంచి గంట తరువాత వరకు టీ, కాఫీలకు దూరంగా ఉండాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 ఆహార మార్గదర్శకాలలో సూచించింది. ఈ సూచన ప్రాధాన్యం అంకెల్లో కనిపిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత దేశంలో 57 శాతం, తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, పశ్చిమ బెంగాల్‌లో 71.4 శాతం. రక్తహీనతకు కారణాలు అనేకం. అయితే అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటును మార్చుకోవడానికి ఖర్చేమీ లేదు.

అవే మార్గదర్శకాల ప్రకారం ఒక కప్పు టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. రోజుకు 300 మిల్లీగ్రాములు దాటరాదు. గర్భిణులు, ఇనుము మాత్రలు వాడేవారు వైద్యుల సలహా పాటించాలి. పంచదారనూ లెక్కలోకి తీసుకోవాలి. రోజుకు నాలుగు కప్పులు, కప్పుకు రెండు చెంచాల చొప్పున తాగేవారికి టీ ద్వారానే ఎనిమిది చెంచాల పంచదార అందుతుంది. సోంపు, దాల్చినచెక్క, యాలకులు తీపిని తలపించే పరిమళం గలవి కాబట్టి వాటిని సరైన సమయంలో వేస్తే అందులో ఒక చెంచా తగ్గించినా లోటు తెలియదు.