ఊరి గ్రంథాలయాన్ని నిలబెట్టినవారు

ఏ పాత గ్రంథాలయం గుమ్మం దగ్గర నిలబడి చూసినా, గోడలో పొదిగిన రాతిపలక ఒకటి కనిపిస్తుంది. స్థలమిచ్చిన దాత పేరు, శంకుస్థాపన చేసిన పెద్దమనిషి పేరు, తేదీ, సంవత్సరం. ప్రతి సాయంత్రం ఆ తలుపు తాళం తీసినదెవరో, లాంతరులో కిరసనాయిలు పోసినదెవరో, నెలనెలా ఇంటింటికీ తిరిగి చందా పోగుచేసినదెవరో ఆ పలక చెప్పదు. అందువల్లనే కాబోలు, మన గ్రంథాలయోద్యమాన్ని దాతల చరిత్రగానో నాయకుల చరిత్రగానో చదవడానికి అలవాటుపడ్డాం. దానిని యువజన సంఘాల చరిత్రగా కూడా చదవవలసి ఉందని నా అభిప్రాయం. ఆనాటి గ్రంథాలయాల్లో చాలావాటిని పుట్టించినది, అంతకంటె ముఖ్యంగా బ్రతికించినది, ఊరి కుర్రవాళ్ళ సంఘమే.

దానం మన పల్లెలకు కొత్త కాదు. చెరువు, సత్రం, గుడి, భజన మందిరం అన్నీ ఊరివారి చేతి చలవతో నిలిచినవే. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు వృత్తులవారికి మేర తీసిపెట్టడం, పెళ్ళిలో గుడికింత అని చదివించడం పాత ఆచారాలు. అయితే ఈ దానమంతా పుణ్యం చుట్టూ, కులవృత్తుల చుట్టూ తిరిగేది. ఊరందరూ చదువుకొనేందుకు పుస్తకం కొనిపెట్టడం కూడా అటువంటి దానమేనని నమ్మించడం పందొమ్మిదవ శతాబ్ది చివర మొదలైన కొత్త పని. ఆ పనికి పూనుకున్నవారిలో యువకులే ఎక్కువ.

రాజమహేంద్రవరంలో నాళం కృష్ణారావు గారు 1898లో గ్రంథాలయం పెట్టేనాటికి ఆయనకు ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. దానికి తమ ఇంటి పేరు పెట్టుకోలేదు. కవి వడ్డాది సుబ్బారాయుడు గారి మీది గౌరవంతో వాసురాయ గ్రంథాలయమన్నారు. అదే ఊళ్ళో కొక్కొండ వెంకటరత్నం పంతులు గారి పేర రత్నకవి గ్రంథాలయం ఉండేది. 1920లో ఈ రెండూ కలిసి గౌతమీ గ్రంథాలయమయ్యాయి. రెండు సంస్థలూ తమ పేర్లు వదులుకొని ఒకటి కావడం ఈనాటికీ అరుదైన విషయమే.

హైదరాబాదు కథ వేరు. 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో ఆరంభమయింది. కొమర్రాజు లక్ష్మణరావు గారు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు గారు దాని వెనుక ఉన్నారు. రంగారావు గారు 1910లో గతించిన తరువాత ఆయన సతీమణి లక్ష్మీనరసమ్మ గారు భాషానిలయపు సొంత ఇంటికోసం విరాళమిచ్చారు. గ్రంథాలయోద్యమంలో స్త్రీల పేర్లు చాలా తక్కువగా వినిపిస్తాయి గనుక ఈ పేరు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

నిజాం రాజ్యంలో రాజభాష ఉర్దూ. తెలుగు బడి పెట్టాలన్నా, సభ జరపాలన్నా ముందుగా అనుమతి కావాలి. సభలను కట్టడి చేసిన 53వ నంబరు గస్తీ ఆ తరంవారి జ్ఞాపకాల్లో చేదుగా మిగిలిపోయింది. అటువంటి చోట పత్రిక చదువుకొనే నెపంతో నలుగురు యువకులు ఒక గదిలో కూర్చోగలగడమే పెద్ద సంగతి. 1921లో పుట్టిన ఆంధ్ర జనసంఘం గ్రంథాలయాల స్థాపనను తన కార్యక్రమంలో చేర్చుకున్నది అందుకే. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగేనాటికి, సభకు రాగల మనుషులను ఊళ్ళలో తయారుచేసినవి చాలావరకు ఈ చిన్న పఠనమందిరాలే.

కోస్తాలో ఈ చెదురుమదురు ప్రయత్నాలను ఒక తాటిపైకి తెచ్చినవారు అయ్యంకి వెంకటరమణయ్య గారు. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో, చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి అధ్యక్షతన, ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. ఆనాటికి 1890లో పుట్టిన అయ్యంకి వారికి ఇరవై నాలుగేళ్ళు కూడా నిండలేదు. ఆ తరువాత ఆయన నడిపిన ‘గ్రంథాలయ సర్వస్వము’ పత్రిక ఊరూరి సంఘాలకు ఒకదాని సంగతి మరొకదానికి తెలిపే సాధనమయింది. పక్క ఊరివారు చేయగలిగినది మనమూ చేయగలమన్న ధైర్యాన్ని ఆ పత్రిక పంచింది.

ఇక వేటపాలెం. చీరాల ప్రక్కన మగ్గాల ఊరు. 1918 అక్టోబరు 15న వి. వి. శ్రేష్ఠి గారి పూనికతో హిందూ యువజన సంఘం ఒక గ్రంథాలయాన్ని ఆరంభించింది. అదే సారస్వత నికేతనం. ఈ సంస్థ మూలంలోనే యువజన సంఘం ఉన్నదన్న సంగతి గమనించాలి. 1921లో ఆ ప్రాంతమంతా చీరాల–పేరాల పోరాటంతో అట్టుడికింది. పురపాలక పన్నులను ఎదిరించి జనం ఊరు ఖాళీచేసి రామనగరంలో పాకలు వేసుకున్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి రామదండు వారికి అండగా నిలిచింది. జీతం లేకుండా, చెప్పిన వేళకు వచ్చి, చెప్పిన పని చేసే స్వచ్ఛంద సేవకుడు అంటే ఏమిటో ఆ సీమ కళ్ళారా చూసింది. గ్రంథాలయానికీ కావలసినది అటువంటి మనిషే.

1929లో గాంధీ మహాత్ముడు సారస్వత నికేతనం భవనానికి శంకుస్థాపన చేశారు. 1935లో బాబూ రాజేంద్రప్రసాద్ వచ్చారు. ఇవి గర్వించదగ్గ సంగతులే. కాని దేశ విదేశాల పరిశోధకులు వేటపాలెం రైలు దిగినది రాతిపలక చూడడానికి కాదు. అక్కడ పాత తెలుగు పత్రికల సంచికలు దొరుకుతాయని వచ్చారు. దినపత్రిక మరునాటికి పొట్లాల కాగితమయ్యే దేశంలో, ప్రతి సంచికనూ పడేయకుండా దొంతి పెట్టి, బైండు చేయించి, చెదలు పట్టకుండా చూసినవారు ఉండబట్టి అవి మిగిలాయి. భవనానికి దాత ఒకసారి ఇస్తే చాలు. పత్రికల బైండుకు ఏటేటా డబ్బు కావాలి, దానికంటె ఎక్కువగా ఓపిక కావాలి. ఏళ్ళ తరబడి అంటిపెట్టుకొని ఉండే సంఘం లేనిదే ఆ ఓపిక సమకూరదు.

పుస్తకం దగ్గరకు పాఠకుడు రాలేకపోతే పాఠకుని దగ్గరకే పుస్తకాన్ని చేర్చినవారూ ఉన్నారు. గుంటూరు జిల్లా పెదపాలెంలో పాతూరి నాగభూషణం గారు 1935లో పడవ గ్రంథాలయాన్ని నడిపించారు. కాలువలో తిరిగే పడవలో పుస్తకాల పెట్టె. ప్రయాణమెలాగూ గంటల తరబడి సాగేదే, చేతిలో పుస్తకం ఉంటే ఆ పొద్దు వృథాపోదు. కొత్త భవనం, కొత్త స్థలం అక్కరలేకుండా, ఉన్న పడవకే పుస్తకాలు జతచేసిన ఈ ఆలోచన ఎంత పొదుపరిదో చూడండి. తెలంగాణలో వట్టికోట ఆళ్వారుస్వామి గారు 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు తామే మోసుకొని ఊరూరా తిరిగి అమ్మారు. ఆయన హోటలులో పనిచేసి పైకి వచ్చిన మనిషి. ఈ ఉద్యమానికి ధనికులే మూలమనేవారికి ఆయన జీవితమే సమాధానం.

ఈ వ్యవస్థలో లోపాలు లేకపోలేదు. సంఘంలో చురుకైనవాడు ఉద్యోగానికో చదువుకో ఊరు వదిలితే తలుపు మూతపడేది. దాతకు కోపం వస్తే గది ఖాళీచేయవలసి వచ్చేది. అన్ని కులాలవారికీ, స్త్రీలకూ ఆ గుమ్మం ఒకే తీరున తెరచి ఉండేదని చెప్పలేం. వీటన్నిటికీ విరుగుడుగా చట్టం వచ్చింది. రంగనాథన్ గారి కృషితో 1948లో మద్రాసు చట్టం, 1955లో హైదరాబాదు చట్టం, రెంటినీ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థలకు ఇవ్వాలన్నది ఏర్పాటు. చదువు ఒకరి దయ కాదు, పౌరుని హక్కు అన్న సూత్రం దీనితో స్థిరపడింది. ఇందుకోసమే అయ్యంకి, పాతూరి వంటివారు దశాబ్దాలు పనిచేశారు. దీనిని తక్కువచేసి మాట్లాడడం కృతఘ్నత.

అయితే ఒకటి జారిపోయింది. రూపాయికి ఎనిమిది పైసల చొప్పున సెస్సు కడుతున్నామని పన్ను కట్టేవారిలో ఎందరికి తెలుసు? నెలకు అణా చందా ఇచ్చినవాడు ‘మా గ్రంథాలయం’ అనేవాడు, కొత్త పుస్తకం రాకపోతే నిలదీసేవాడు. సెస్సు కట్టినవాడికి ఆ మమకారం లేదు. పట్టణాల్లో వసూలైన సెస్సు గ్రంథాలయ సంస్థలకు చేరక బకాయిపడినా ఊళ్ళో ఎవరూ అడగరు. దానం పోయి హక్కు వచ్చింది గాని, హక్కును అడిగి తీసుకొనే సంఘం మాత్రం అంతటా మిగలలేదు.

ఈ రోజు మనం వెబ్‌లో దించుకొని చదివే పాత తెలుగు పుస్తకాల తొలి పుటలను కాస్త నిదానంగా చూడండి. ఏదో ఒక ఊరి గ్రంథాలయపు రబ్బరు ముద్ర, చేత్తో వేసిన వరుస సంఖ్య, ఒక్కొక్కచోట ‘ఫలానావారు ఇచ్చినది’ అన్న సిరా వ్రాత కనిపిస్తాయి. ఆ ముద్ర వేసిన కుర్రవాని పేరు ఎక్కడా ఉండదు. అతడు వరుస సంఖ్య వేసి బీరువాలో పెట్టకపోయి ఉంటే ఆ పుస్తకం ఇప్పటివరకు ఉండేది కాదు, స్కాను అయ్యేదీ కాదు.

మీ ఊళ్ళోనూ అటువంటి గ్రంథాలయం ఒకటి ఉండే ఉంటుంది. ఈసారి వెళ్ళినపుడు రాతిపలక చదివి వచ్చేయకండి. లోపలికి వెళ్ళి పాత పుస్తకాల జాబితానూ, సంఘం సమావేశాల మినిట్సు పుస్తకాన్నీ చూపమని అడగండి. అవి ఇంకా ఉంటే నకలు తీయించి పెట్టండి. జీతం లేకుండా పనిచేసినవారి పేర్లు వ్రాసి ఉన్నది ఆ పుస్తకాల్లోనే.