అఫిడవిట్ వెనక కథ

అభ్యర్థుల అఫిడవిట్ల సంగతి వచ్చేసరికి మన ఎన్నికల చరిత్రలన్నీ ఒకే మాట చెబుతాయి: సుప్రీంకోర్టు ఆదేశించింది, అమలైంది. అది అబద్ధం కాదు గాని, అందులో సగం చరిత్ర కనబడకుండా పోయింది.

1951-52 ఎన్నికల నాటికి ఓటర్ల జాబితాలో పేరుండటమే పెద్ద సమస్య. సొంత పేరు చెప్పని దాదాపు 28 లక్షల మంది స్త్రీలకు ఓటు దక్కలేదు. 1993లో ఫోటో గుర్తింపు కార్డులు వచ్చాయి. ఇవన్నీ ఓటరెవరో ప్రభుత్వం తెలుసుకోవడానికి. అభ్యర్థి ఎవరో ఓటరు తెలుసుకునే మార్గం మాత్రం యాభై ఏళ్లయినా ఏర్పడలేదు.

ఆ మార్గం కావాలని అడిగింది పౌరులే. 1999 ఎన్నికల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పౌర ఉద్యమ సంస్థ లోక్‌సత్తా నేరచరితుల పేర్లు బయటపెట్టింది. అదే ఏడు అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్ (ఏడీఆర్) అభ్యర్థుల వివరాలు ఓటర్లకు తెలపాలంటూ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి, 2000 నవంబరులో గెలిచింది. కేంద్రం సుప్రీంకోర్టులో అప్పీలు చేసింది. ప్రతిపక్షంలో ఉన్న కాంగ్రెస్ కూడా ప్రభుత్వం పక్షానే వాదించింది. 2002 మే 2న అభ్యర్థులు తమ కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు వెల్లడించాలని తీర్పు వచ్చింది. అంతటితో పని జరగలేదు. ఆగస్టులో ఆర్డినెన్సు, తర్వాత చట్టం తెచ్చి, కోర్టు ఏం చెప్పినా చట్టం అడగనిది అభ్యర్థి చెప్పనక్కర్లేదని ప్రజాప్రాతినిధ్య చట్టంలో 33బి సెక్షన్ రాసుకున్నారు. ఆస్తుల వివరాలు గెలిచాక సభాపతికి ఇస్తే చాలట! పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్, లోక్‌సత్తా, ఏడీఆర్ మళ్లీ కోర్టుకెక్కాయి. 2003 మార్చి 13న సుప్రీంకోర్టు 33బిని కొట్టివేసింది. కోర్టు పాత్ర తక్కువదని నేననను. అయితే మొదటి తీర్పును నీరుగార్చిన చట్టంపై పిటిషన్లు పడకపోతే రెండో తీర్పే లేదు.

ఇప్పటి పరిస్థితి నాకు తృప్తినివ్వడం లేదు. అభ్యర్థుల అఫిడవిట్ పత్రం ఫారం 26 ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఉంటుంది, స్కాన్ చేసిన బొమ్మలా. తెలుగు నియోజకవర్గాల్లోనూ ఎన్నో అఫిడవిట్లు ఇంగ్లీషులోనే దాఖలవుతాయి. ఉపసంహరణ గడువు ముగిశాక పోలింగుకు చట్టం హామీ ఇచ్చే వ్యవధి రెండు వారాలే. నేరచరితులకు టికెట్ ఎందుకిచ్చారో పార్టీలు చెప్పాలని 2020లో కోర్టు ఆదేశిస్తే, వచ్చిన జవాబులు చాలావరకు మొక్కుబడివే. పైగా 2024 డిసెంబరులో నిబంధన మార్చి, సీసీటీవీ దృశ్యాల వంటి ఎలక్ట్రానిక్ రికార్డులను ప్రజల పరిశీలనకు అందకుండా చేశారు. పారదర్శకతలో ఇది వెనకడుగే.

ప్రతి అభ్యర్థి వివరాలనూ ఒక్క పేజీ తెలుగులో కుదించి, పోలింగుకు వారం ముందే ప్రతి పోలింగ్ కేంద్రం గోడకూ అంటించాలి. ఎన్నికల సంఘాన్ని ఈ మాట గట్టిగా అడగండి.