1918 ఫ్లూ, కోవిడ్: పోయినవాళ్ళ లెక్క ఎక్కడుంది?

మన లాలాగూడ అంటేనే రైల్వే. నిజాం కాలం నాటి వర్క్‌షాప్ చుట్టూ పెరిగిన ఏరియా. ఈరోజు టాపిక్ కూడా రైలెక్కే వచ్చింది.

1918 జూన్‌లో బొంబాయిలో ఇన్‌ఫ్లుయెంజా మొదలైంది. అక్కడి నుంచి రైల్వే లైన్ల వెంబడే దేశమంతా పాకింది. బొంబాయి-మద్రాసు లైన్‌లో వాడి జంక్షన్ ఉంది కదా, అక్కడి నుంచి సికింద్రాబాద్‌కి 1874లోనే నిజాం లైన్ పడింది. రైళ్ళు ఎవరూ ఆపలేదు. సెప్టెంబర్ తర్వాత వచ్చిన సెకండ్ వేవ్ ఘోరం. కోవిడ్‌లో పెద్దవాళ్ళకి రిస్క్ ఎక్కువ, అప్పుడు ఉల్టా: 20 నుంచి 40 ఏళ్ళ వాళ్ళే ఎక్కువ పోయారు. అంటే ఈ వీడియో చూస్తున్న మన వయసోళ్ళు.

2020 మార్చిలో మాత్రం ప్యాసింజర్ రైళ్ళన్నీ ఆపేశారు. దాని ఖరీదు వలస కూలీలు కట్టారు, రోడ్ల మీద నడిచి. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకి మొదటి శ్రామిక్ రైలు కదిలేదాకా అదే పరిస్థితి.

సరే, అసలు పాయింట్. ఎంతమంది చనిపోయారు?

1918లో ఊళ్ళల్లో చావులు రాసే ఉద్యోగులు కూడా మంచాన పడ్డారు, రిజిస్టర్లు సగం ఖాళీ. మనకి తెలిసింది 1921 జనాభా లెక్కల వల్ల. హైదరాబాద్ స్టేట్ జనాభా 1911లో 1 కోటి 33 లక్షల 74 వేలు. 1921కి 1 కోటి 24 లక్షల 71 వేలు. పదేళ్ళలో పెరగాల్సింది పోయి 9 లక్షలు తగ్గింది! అంతా ఫ్లూ ఖాతాలో వేయకండి, ప్లేగు, కరువు కూడా ఉన్నాయి. కానీ పెద్ద దెబ్బ ఫ్లూదే. దేశం మొత్తం మీద కోటి 20 లక్షల నుంచి 2 కోట్ల దాకా అంచనాలున్నాయి.

ఇప్పుడు కోవిడ్ చూడండి. 2021 చివరికి దేశంలో అధికారిక మరణాలు దాదాపు 4 లక్షల 80 వేలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా 47 లక్షలు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. పది రెట్ల తేడా! (కామెంట్లలో పార్టీల గొడవ వద్దు ప్లీజ్.)

ఈ గొడవ తేల్చడానికి 2021 జనాభా లెక్కలు బాగా పనికొచ్చేవి. అవే వాయిదా పడ్డాయి. 1941లో ప్రపంచ యుద్ధం నడుస్తున్నా లెక్కలు ఆగలేదు మరి. ఇప్పుడు పెట్టిన తేదీ 2027 మార్చి. అప్పటికి ఎంతమంది పుట్టి, ఎంతమంది ఊళ్ళు మారి ఉంటారు? అందులోంచి కోవిడ్ చావుల్ని విడదీయడం చాలా కష్టం. 1921లో చేతిరాత కాగితాలతో, ఫ్లూ వచ్చిన మూడేళ్ళలోపే లెక్క చేతికొచ్చింది.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.