పాలలో కణాల లెక్క: పొదుగువాపును ముందే పట్టించే గుర్తు

పాడి ఆవులకు వచ్చే పొదుగువాపు వ్యాధిని కర్ణాటకలో కెచ్చలు బావు అని, తమిళనాడులో మడి నోయ్ అని, మహారాష్ట్రలో కాసదాహ్ అని అంటారు. పొదుగు వాచి, ఎర్రబడి, పాలలో గడ్డలు పడితే ఎవరికైనా తెలుస్తుంది. కానీ బయటికి ఏ గుర్తూ లేకుండా లోపలే సాగే రకమే ఎక్కువ. ఆవు మేత మేస్తుంది, పాలు తెల్లగానే ఉంటాయి, దిగుబడి మాత్రం కొద్దికొద్దిగా తగ్గుతుంది. దీన్ని పట్టించేది పాలలోని కణాల లెక్క.

ఏమిటీ కణాలు?

వీటిని సొమాటిక్ కణాలు అంటారు. ఇవి ఆవు ఒంటి కణాలే, సూక్ష్మక్రిములు కావు. క్రిములు చన్ను రంధ్రం గుండా పొదుగులోకి చేరితే, వాటిని ఎదుర్కోవడానికి రక్తంలోని తెల్లకణాలు పెద్దఎత్తున అక్కడికి వస్తాయి. అందుకే లెక్క పెరుగుతుంది.

ఆరోగ్యమైన పొదుగు పాలలో ఒక మిల్లీలీటరుకు సాధారణంగా లక్షలోపు కణాలు ఉంటాయి. 2,00,000 దాటితే పొదుగులో ఎక్కడో ఇన్ఫెక్షన్ ఉందని అనుమానించాలి. ఐరోపా దేశాల్లో సేకరించే పాలకు పరిమితి 4,00,000. అయితే ఈనిన తొలి రోజుల్లోనూ, వట్టిపోయే ముందూ లెక్క సహజంగానే కొంత పెరుగుతుంది.

క్యాను లెక్క చాలదు

ఒక ఆవు మూడు చన్నుల పాలలో 50,000 చొప్పున, నాలుగో దానిలో 8,00,000 కణాలు ఉన్నాయనుకుందాం. నాలుగూ సమానంగా పాలిస్తే, కలిపిన పాలలో లెక్క 2,37,500. అంతే పాలిచ్చే మరో మూడు ఆవుల పాలు, 80,000 చొప్పున ఉన్నవి, అదే క్యానులో పోస్తే లెక్క 1,20,000 లోపే వస్తుంది. జబ్బు చన్ను అలాగే ఉంటుంది, లెక్కలో మాత్రం కనబడదు. అందుకే ఏ చన్నుకు ఆ చన్ను విడిగా చూడాలి.

దీనికి చవకైన పద్ధతి కాలిఫోర్నియా మాస్టైటిస్ పరీక్ష. 1957 నుంచి వాడుకలో ఉంది. నాలుగు గుంటల పళ్లెంలో ఒక్కో చన్ను పాలు వేరుగా పిండి, అంతే కొలత మందు ద్రావణం కలిపి పళ్లెం తిప్పుతారు. పాలు పలుచగానే ఉంటే మంచిది. జిగురుగా చిక్కబడితే కణాలు ఎక్కువున్నట్టే. పశువైద్యుడిని అడిగితే ఒకసారి చేసి చూపిస్తారు.

నష్టం ఎక్కడ?

సొసైటీలు పాలకు వెన్న శాతం, ఎస్‌.ఎన్‌.ఎఫ్‌. చూసి ధర కడతాయి. జబ్బు చన్ను పాలలో లాక్టోజ్, కేసిన్ తగ్గి, ఉప్పు పెరుగుతుంది. ఎస్‌.ఎన్‌.ఎఫ్‌. పడిపోతుంది. పాలూ తగ్గి, ధరా తగ్గితే చాలామంది మేతను తప్పుపడతారు. మేత మార్చే ముందు పొదుగును పరీక్షించడం మంచిది.

ఇంట్లో పాటించవలసినవి

• చేతులు కడుక్కుని, చన్నులు శుభ్రం చేసి, తడి లేకుండా తుడవాలి. ఒక్కో ఆవుకు వేరే గుడ్డ వాడాలి.
• తొలి రెండు మూడు ధారలు నల్లటి గిన్నెలోకి పిండి, గడ్డలున్నాయేమో చూడాలి. నేలమీద పిండకూడదు.
• ముందు ఆరోగ్యమైన ఆవులను, చివర జబ్బు ఆవును పితకాలి.
• పితికిన వెంటనే చన్నులను అయోడిన్ ద్రావణంలో ముంచాలి.
• చన్ను రంధ్రం మూసుకోవడానికి సమయం పడుతుంది. అరగంట నుంచి గంటదాకా ఆవు పడుకోకుండా ముందు మేత వేయాలి.
• కొట్టం నేల పొడిగా ఉండాలి. క్రిములు పేడ, బురద నుంచీ పొదుగుకు చేరతాయి.

మందు విషయంలో

లెక్క పెరిగిందని తెలిసిన వెంటనే దుకాణంలో ట్యూబు కొని ఎక్కించవద్దు. పాలను ప్రయోగశాలకు పంపి, ఏ క్రిమో, ఏ మందుకు లొంగుతుందో తెలుసుకుంటే డబ్బు వృథా కాదు. కొన్ని మొండి ఇన్ఫెక్షన్లకు వట్టిపోయిన కాలంలో చేసే చికిత్స బాగా పనిచేస్తుంది. యాంటీబయాటిక్ వాడితే, చీటీపై రాసిన గడువు ముగిసేదాకా ఆ ఆవు పాలు సొసైటీకి పోయకూడదు, ఇంట్లోనూ వాడకూడదు.

నెలకొకసారి పరీక్షించి, ఏ ఆవుకు ఏ చన్నులో జిగురు కనిపించిందో తేదీతో రాసి పెట్టుకోండి. డాక్టరు వచ్చినప్పుడు చికిత్స నిర్ణయించడానికి ఆ కాగితం ఎంతో పనికివస్తుంది.